మెలకువకో సీసా, నిద్రకో సీసా

మిడ్స్ వచ్చాయంటే మన హాస్టల్ డస్ట్‌బిన్ చూసి రేపు ఏ పేపరో చెప్పేయొచ్చు. చిప్స్ ప్యాకెట్లు ఎక్కువుంటే తేలిక పేపర్. ఎర్ర సీసాలు నిండి పొర్లుతుంటే మ్యాథ్స్ అన్నమాట. పరీక్షలు అయ్యాక సీన్ మారుతుంది. "నిద్ర పట్టట్లేదు మామా" అంటూ ఒకడు మెలటోనిన్ గమ్మీలు ఆర్డర్ పెడతాడు, ఇంకొకడు ఆన్‌లైన్‌లో చామంతి టీ వెతుకుతాడు. ముందు మెలకువ కొనుక్కుంటాం, తర్వాత నిద్ర కొనుక్కుంటాం. రెండూ అంతకుముందు మన దగ్గర ఫ్రీగా ఉన్నవే.

ఈ వ్యాసం "తాగకండి, చెడిపోతారు" అని చెప్పే నీతి క్లాసు కాదు. ఆ పని చేయడానికి వార్డెన్ గారున్నారు. ఎనర్జీ డ్రింకుల్నీ, ఒత్తిడి తగ్గిస్తాయని చెప్పే రిలాక్సేషన్ డ్రింకుల్నీ పక్కపక్కన పెట్టి, రుచిలో ఏది ఏమిటి, ఒంట్లో ఏది ఏం చేస్తుంది అని ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌లాగా చూద్దాం. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తున్నా: ఎనర్జీ డ్రింకు ఎనర్జీ ఇవ్వదు, అప్పు ఇస్తుంది. రిలాక్సేషన్ డ్రింకు ఆ అప్పు తీర్చదు.

ముందు నాలుక మాట

ఎనర్జీ డ్రింకు రుచి గురించి నిజం తెలియాలంటే దాన్ని చల్లగా తాగకూడదు. మూత తీసి గంటసేపు టేబుల్ మీద వదిలేసి, గ్యాస్ పోయి, గది వేడికి వచ్చాక ఒక్క గుక్క తాగి చూడండి. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి పోసిన దగ్గు సిరప్ గుర్తొస్తుంది. దీనికి కారణం ఉంది. కెఫీన్ సహజంగా చేదు. ఆ చేదును కప్పాలంటే తీపి గట్టిగా వేయాలి. అంత తీపి మొహం మొత్తకుండా ఉండాలంటే సిట్రిక్ యాసిడ్ పులుపు కావాలి. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా "రిఫ్రెషింగ్"గా ఉంటుంది. అందులో ఎంత పంచదార ఉందో వేడెక్కాక గానీ బయటపడదు.

టానిక్ రుచి రావడం వింతేమీ కాదు, వీటి వంశమే అది. జపాన్‌లో 1962లో వచ్చిన లిపోవిటాన్-డి అనే టానిక్ మందుల సీసా లాంటి చిన్న గోధుమరంగు సీసాలో అమ్ముడుపోయింది. తర్వాత థాయిలాండ్‌లో క్రాటింగ్ డేంగ్ వచ్చింది. లారీ డ్రైవర్లు, కూలీలు తాగే చవక డ్రింక్ అది. దాన్నే ఆస్ట్రియాకు తీసుకెళ్ళి, గ్యాస్ కలిపి, సన్నటి డబ్బాలో పెట్టి 1987లో రెడ్ బుల్‌గా మార్కెట్లోకి వదిలారు. రాత్రంతా స్టీరింగ్ పట్టుకునేవాడి టానిక్ అలా మెల్లగా స్పోర్ట్స్, గేమింగ్, కాలేజ్ ఫెస్ట్ డ్రింక్ అయి కూర్చుంది.

ఇంకో హాస్టల్ పుకారు కూడా తేల్చేద్దాం. అందులో ఉండే టారిన్ ఎద్దు ఒంట్లోంచి తీస్తారని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. 1827లో దాన్ని మొదట ఎద్దు పైత్యరసంలో కనుక్కున్నారు, అందుకే లాటిన్‌లో ఎద్దు పేరు మీద ఆ పేరు పెట్టారు. డబ్బాల్లో పోసేది మాత్రం ఫ్యాక్టరీలో రసాయనికంగా తయారైనదే. శాకాహారులు ఆ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు.

ఎనర్జీ ఎక్కడ?

ఎనర్జీకి యూనిట్ జౌల్ అని మనకు ఇంటర్‌లోనే నేర్పారు. ఆ లెక్కన చూస్తే తమాషాగా ఉంటుంది. 250 మి.లీ. మామూలు రెడ్ బుల్ డబ్బాలో పంచదార సుమారు 27 గ్రాములు, అంటే దాదాపు 110 కేలరీలు. మెస్‌లో రెండు ఇడ్లీలు తింటే దాదాపు అంతే వస్తుంది. అదే షుగర్ ఫ్రీ డబ్బా అయితే కేలరీలు పదో పదిహేనో. అంటే ఎనర్జీ దాదాపు లేని ఎనర్జీ డ్రింక్! అయినా తాగినవాడు లేచి కూర్చుంటాడు. ఎందుకంటే అక్కడ పనిచేసేది శక్తి కాదు, కెఫీన్.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన రిసెప్టర్ల మీద కూర్చున్నకొద్దీ మనకు నిద్ర వస్తుంది. కెఫీన్ వెళ్ళి ఆ సీట్లలో ముందే రుమాలు వేసేస్తుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి వేసినట్టు. ఎడినోసిన్‌కి సీటు దొరకదు, మనకు అలసట తెలియదు. అలసట మాత్రం పోలేదు. బైక్‌లో పెట్రోల్ రిజర్వ్ లైట్ వెలిగితే దాని మీద నల్ల టేపు అతికించి "ట్యాంక్ ఫుల్" అన్నట్టే ఇది. రుమాళ్ళు తీసేసిన మరుక్షణం పోగైన ఎడినోసిన్ అంతా ఒక్కసారి ఎక్కుతుంది. ఎగ్జామ్ హాల్లో రెండో గంటకు తల వాలిపోవడం అదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఈ డ్రింకుల అసలు పేరు "కెఫినేటెడ్ బెవరేజ్". లీటరుకు 145 నుంచి 300 మి.గ్రా. వరకు కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మి.లీ. సీసాలో గరిష్ఠంగా 75 మి.గ్రా. పెద్దవాళ్ళలో కెఫీన్ హాఫ్ లైఫ్ సగటున 5 గంటలు, మనిషిని బట్టి మారుతుంది. రాత్రి 11కి ఒక సీసా, 2కి ఇంకోటి లాగించారనుకోండి. మొదటి 75లో 2 గంటలకు దాదాపు 50 మిగిలుంటుంది. రెండోది కలిస్తే 125. నాలుగింటికి "ఒక గంట పడుకుని లేద్దాం" అని పడుకునేసరికి ఒంట్లో ఇంకా 94 మి.గ్రా. దాకా ఉంటుంది. అంటే నిండు సీసా కంటే ఎక్కువ కెఫీన్ పెట్టుకుని నిద్రపోవాలని చూస్తున్నాం. కెపాసిటర్ డిశ్చార్జ్ కర్వ్ గీయగలిగిన మనకు ఇది అర్థం కావడానికి బయాలజీ అక్కర్లేదు.

2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకోవడానికి 6 గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. మన డోసు అంతకంటే చిన్నదే, కానీ మన గ్యాప్ కూడా 6 గంటలు కాదు, రెండే.

నిద్ర పోతే పోనీ, చదివింది మిగులుతుందిగా అనొచ్చు. అసలు నష్టం అక్కడే ఉంది. పగలు చదివినదాన్ని మెదడు గట్టిపరుచుకునేది నిద్రలోనే. రాత్రంతా టైప్ చేసి సేవ్ కొట్టకుండా ల్యాప్‌టాప్ మూసినట్టు చేస్తున్నాం. అప్పు చేసి పప్పు కూడు తింటే కనీసం కడుపైనా నిండుతుంది. ఇక్కడ పప్పు కూడు కూడా మిగలట్లేదు.

ఇక "రిలాక్స్" సీసా

అప్పు ఇచ్చినవాడే తీర్చుకునే మార్గం కూడా అమ్మితే ఎలా ఉంటుంది? 2020లో పెప్సికో కంపెనీ రాక్‌స్టార్ అనే ఎనర్జీ డ్రింక్ సంస్థను 385 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది డ్రిఫ్ట్‌వెల్ అనే రిలాక్సేషన్ డ్రింక్‌ని అమెరికాలో ప్రకటించింది. అందులో 200 మి.గ్రా. ఎల్-థియానైన్, కొంత మెగ్నీషియం. పడుకునే ముందు తాగి ప్రశాంతంగా ఉండండి అని దాని ప్రచారం. దీంట్లో కుట్ర ఏమీ లేదు, వ్యాపారం ఉంది. లేపడానికో సీసా, జోకొట్టడానికో సీసా.

ఆ ఎల్-థియానైన్ ఏమిటో తెలుసా? 1949లో జపాన్ వాళ్ళు గ్రీన్ టీలో కనుక్కున్న అమైనో ఆమ్లం. టీ ఆకులో సహజంగానే ఉంటుంది. టీ తాగినప్పుడు మెలకువ వచ్చినా కాఫీ అంత దడ రాదని చాలామంది అనడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. మన కప్పులో అది ఎంతుంటుంది అంటే చాలా కొంచెం, డ్రిఫ్ట్‌వెల్ డోసుకు దగ్గర్లో కూడా ఉండదు. కాబట్టి "మన టీలోనే అన్నీ ఉన్నాయి" అని వాట్సాప్ ఫార్వర్డ్ చేయకండి.

మెలటోనిన్ సంగతి కొంచెం వేరు. అది మెదడు తయారుచేసే హార్మోను, చీకటి పడిందని ఒంటికి చెప్పే సిగ్నల్. దాన్ని మిఠాయిలా నమిలి, ఆ వెంటనే కళ్ళకు జానెడు దూరంలో ఫోన్ పెట్టుకుని రీల్స్ చూస్తే, ఒక చేత్తో లైట్ ఆర్పి రెండో చేత్తో వేసినట్టు. డాక్టర్‌ని అడగకుండా రోజూ వేసుకునే వస్తువు కాదది.

మరి మన పానీయాల మాటేంటి?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళని నన్నారి షర్బత్ గురించి అడగండి. సుగంధి వేరు వాసన, నిమ్మరసం పులుపు, గ్లాసు అడుగున సబ్జా గింజలు. ఎర్ర సీసాలో రుచి ఒకేసారి కొట్టి పోతుంది, ఇందులో వాసన ముందొస్తుంది, పులుపు తర్వాత, సబ్జా చివర్లో పంటి కింద. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ అయితే రుచికి పంచదార సాయమే అడగదు. రాగి జావ తాగితే జౌల్స్ లెక్కలో కూడా నిజమైన ఎనర్జీ వస్తుంది.

ఇవి నిద్ర తెప్పిస్తాయని నేను అనట్లేదు. నా పాయింట్ చిన్నది: ఇవి నిద్రకు అడ్డు రావు. మన వయసువాళ్ళలో అలసిన ఒళ్ళు, కెఫీన్ లేని రక్తం, ఆరిన లైటు ఉంటే చాలాసార్లు నిద్ర దానంతటదే వస్తుంది. నన్నారిలో కూడా పంచదార పాకం ఉంటుంది, అదీ దాచను.

"టీ, కాఫీల్లో కెఫీన్ లేదా బ్రో?" అని మీరు అడుగుతారు. ఉంది. గట్టి ఫిల్టర్ కాఫీ ఒక సీసాతో పోటీ పడగలదు. తేడా తాగే తీరులో ఉంది. వేడి టీని ఎవరూ గటగటా తాగలేరు. ఊదుకుంటూ, గేటు బయట బండి దగ్గర నిలబడి, ఎవడి బ్యాక్‌లాగ్ గోడు వాడు చెప్పుకుంటూ తాగుతాం. ఆ పది నిమిషాలే మెదడుకు బ్రేక్. చల్లటి సీసా రెండు నిమిషాల్లో ఖాళీ, మళ్ళీ స్క్రీన్. కెఫీన్ నిజంగా పనిచేస్తుంది, కాదనను. పగలు, తక్కువ డోసులో, నిద్ర సరిపోయినవాడికి అది మంచి పనిముట్టు. నిద్రకు బదులుగా వాడితేనే చిక్కు.

ఏం చేద్దాం?

సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. పిల్లలకు, గర్భిణులకు, కెఫీన్ పడనివాళ్ళకు తగదని అక్కడే రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 400 మి.గ్రా., ఒక్కసారికి 200 మి.గ్రా. వరకు ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. పొద్దుటి కాఫీ, సాయంత్రం టీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సాయంత్రం 5 తర్వాత కెఫీన్ బంద్ పెట్టుకోండి. మందులో మాత్రం కలపొద్దు. తాగిన మత్తు తెలియకుండా చేస్తుంది గానీ మత్తు తగ్గించదు, బండి తీసేవాడికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. గుండె దడ, చేతుల వణుకు వస్తే "ఇంకో సీసా కొడితే సెట్ అయిపోద్ది" అనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇదంతా మన వైపు. ఇంకో వైపు కూడా ఉంది. చాలా క్యాంపస్‌లలో మెస్ తొమ్మిదింటికే మూసేస్తారు. తర్వాత ఆకలేసినవాడికీ నిద్రొచ్చినవాడికీ తెరిచి ఉండేది గేటు దగ్గర కొట్టు ఒక్కటే, అక్కడ ఫ్రిజ్‌లో ముందు వరసలో ఉండేది ఆ 20 రూపాయల సీసానే. దొరికేది అదొక్కటే అయితే అది ఛాయిస్ ఎలా అవుతుంది? అందుకే స్టూడెంట్ రిప్రజెంటేటివ్స్‌కి నా ప్రపోజల్ ఇది: పరీక్షల వారాల్లో రాత్రి 12 దాకా మెస్‌లో ఒక్క కౌంటర్ తెరిపించండి. మజ్జిగ, రాగి జావ, అరటిపండ్లు చాలు. మూడు సబ్జెక్టుల అసైన్‌మెంట్లు ఒకే రోజు సబ్మిషన్ పెట్టొద్దని హెచ్ఓడీలను కలిపి అడగండి. సిలబస్ ఒక్క రాత్రిలో మింగాల్సిన పరిస్థితి తగ్గితే సీసాల అమ్మకం దానంతటదే తగ్గుతుంది.

వచ్చే మిడ్స్‌కి ఇంకా మూడు వారాలుంది. మెస్ కమిటీ మీటింగ్‌కి పదిమంది వెళ్తే చాలు, ఆ కౌంటర్ తెరుచుకుంటుంది. వచ్చే పదిమందిలో మీరుంటారా?