ఆ ‘నేటివ్ హెల్పర్’కి ఒక పేరుంది

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన సంఘాల్లో చాలామందికి కంఠతా వచ్చు. క్లౌ దొరగారి పేరూ వచ్చు. కానీ ఆ 2,222 మందిలో ఎంతమంది పేర్లు చెప్పగలం? ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. వాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు?

దొరల ఫోటోలు శతజయంతి సంచికల అట్టలమీద వేసుకుంటాం. పక్కన నిలబడ్డ మన ముత్తాతని ‘నేటివ్ హెల్పర్’ అని రాస్తే అలాగే మళ్ళీ అచ్చు వేసుకుంటాం. ఇది ఇక చాలు అంటున్నాం.

“మనకి కాగితాలెక్కడివి? అవన్నీ కరణాల ఇళ్ళలో ఉంటాయి” అని పెద్దలంటారు. ఆ మాట ఇప్పుడు నిజం కాదు. బాప్టిస్టు మిషన్ పాత పత్రికల సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, హతీట్రస్ట్‌లోనూ ఉచితంగా చదవొచ్చు. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ నిండా మాదిగ కుటుంబాల కథలే. ఆ పుస్తకం ఉపశీర్షికలోనే మనల్ని ‘పరయా తెగ’ అన్నారు. ఆ చూపుని నిలదీస్తూనే అందులోని మన ఊళ్ళనీ, మన మనుషులనీ ఏరుకోవాలి.

మన ఊళ్ళు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నా, పాత కాగితాలు పాత పరిపాలన వెంటే ఉంటాయి. 1936కి ముందు పర్లాకిమిడి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీవి. బళ్ళారి 1953 దాకా మద్రాసుదే. తొలి తెలుగు పత్రికగా చెప్పుకునే ‘సత్యదూత’ 1835లో ఆ బళ్ళారి నుంచే వచ్చింది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న యానాం వాళ్ళు ఫ్రాన్సులోని ఎక్స్ నగరంలో ఉన్న వలస పాలన ఆర్కైవ్ వెబ్‌సైటులో, ఫ్రెంచి ఇండియా జనన, వివాహ, మరణ రిజిస్టర్లలో వెతకాలి.

వెతికే పద్ధతి కూడా మనదై ఉండాలి. ఈ జాబితాలు మొదట మన కోసం తయారైనవి కావు. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్ళు చాలావరకు యూరోపియన్లవీ, ఆంగ్లో ఇండియన్లవీ. అందులో తాత పేరు లేదని మన చరిత్రే లేదనుకోవద్దు. పేరుతో దొరక్కపోతే ఊరిపేరుతో వెతకండి, బోధకుడి పేరుతో వెతకండి. గుంటూరుని ‘గుంటూర్’ అనీ, ‘గంటూర్’ అనీ దొరలు నోటికొచ్చినట్టు రాశారు. విశాఖపట్నం ‘విజగపటం’, మచిలీపట్నం ‘మసులిపటం’ అయ్యాయి. బాప్తిస్మంతో మాలకొండయ్య దానియేలు అయ్యుంటాడు, రెండు పేర్లూ పట్టుకోండి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత తెలుగు పత్రికల్లాంటివి దొరికినప్పుడు, పాత తెలుగు అచ్చుని కంప్యూటరు సరిగా చదవలేదు కాబట్టి, పేజీలు ఒక్కొక్కటే తిప్పాలి.

రెండో అడ్డంకి బద్ధకం కాదు, భయం. “తవ్వితే కులం బయటపడుతుంది” అంటారు. మనలో కొందరు తాతముత్తాతలకి లేని అగ్రకులాన్ని అంటగట్టేది ఈ భయంతోనే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్విన చేతులు మనవి. కోలారు బంగారు గనుల చీకట్లోకి దిగిన మనుషులు మనవాళ్ళు. సిగ్గుపడాల్సింది వాళ్ళని ఊరి బయట ఉంచినవాళ్ళు.

భయానికి కారణం లేకపోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. దళిత క్రైస్తవులకి ఈనాటికీ లేదు. 2024 నవంబరులో, పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. అక్కడ చర్చి బాప్తిస్మం కూడా సాక్ష్యంగా నిలిచింది. కాబట్టి మా మాట స్పష్టం: బతికున్నవాళ్ళ వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. పోయిన పెద్దల చరిత్ర అందరిదీ, బతికున్నవాళ్ళ కాగితం వాళ్ళదే.

అయితే అవే పాత పేజీలు మన పక్షాన కూడా సాక్ష్యం చెప్తాయి. బాప్తిస్మం తర్వాత కూడా ఊరి బావి దగ్గరికి రానివ్వలేదనీ, పాలెంలోనే ఉండాల్సి వచ్చిందనీ మిషనరీలే రాసుకున్నారు. మతం మారితే కులం పోతుందనే వాదనకి ఇంతకంటే జవాబేముంది? ఆ జవాబు మన ఇంటి కథల్లో ఉంది. మనం వెతక్కపోతే కమిషన్ల ముందు ఎవరు చదువుతారు?

సంఘ పెద్దలకి మా డిమాండ్ ఒకటే. ప్రహరీలకీ, పెయింట్లకీ చందాలు ఎత్తుతున్నారు. బీరువాలో చెదలు తింటున్న పాత రిజిస్టర్లని స్కాన్ చేయించడానికీ ఎత్తండి. ఒక ప్రతి సంఘంలో, ఒక ప్రతి బయట ఉండాలి. ఎవరి తాత పేరు వాళ్ళు అడిగితే ‘ఫాదరుగారి అనుమతి’, ‘కమిటీ తీర్మానం’ అని తిప్పకండి.

యువతకి ఒక మాట. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో అమ్మమ్మనో, పెదనాన్ననో అడిగి నాలుగు విషయాలు రాసుకోండి: సొంత ఊరు, పాత పేరు, ఏ పనికి వలస వచ్చారు, ఏ బోధకుడు బాప్తిస్మమిచ్చాడు. కంప్యూటరు ముందు కూర్చునేది ఆ తర్వాతే. వాళ్ళు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.