మూడో నెల దాకా ఆగొద్దు

నెల తప్పిందని తెలియగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘అప్పుడే ఎవరికీ చెప్పొద్దు’. దిష్టి తగులుతుందని ఒక భయం, గర్భం నిలవకపోతే నలుగురికీ సమాధానం చెప్పుకోవాలని మరో భయం. మూడో నెల నిండాక గానీ శుభవార్త గడప దాటదు. చుట్టాలకు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. చిక్కల్లా డాక్టర్ దగ్గరకు వెళ్లడం కూడా అప్పటిదాకా వాయిదా పడటమే. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తొలి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్న తల్లులు 70 శాతమే.

శిశువు అవయవాలకు పునాది పడేది ఈ మూడు నెలల్లోనే. మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం గర్భం దాల్చిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలైనా గడిచీ గడవక ముందే. అది సరిగా మూసుకోకపోతే బిడ్డకు మెదడు, వెన్ను లోపాలు వస్తాయి. వీటిలో చాలావాటిని నివారించగలిగేది చవకైన ఫోలిక్ యాసిడ్ మాత్ర. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున, గర్భానికి కనీసం నెల ముందు నుంచి 12 వారాలు నిండేవరకు వేసుకోవాలి. ముందే మొదలుపెట్టకపోతే తెలిసిన రోజునే మొదలుపెట్టండి. మధుమేహం ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, గతంలో ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవారికి ఎక్కువ మోతాదు కావాలి. అది డాక్టరే నిర్ణయించాలి.

ఇక వేవిళ్లు. సగానికి పైగా గర్భిణులకు ఇవి తప్పవు. తొమ్మిదో వారం ప్రాంతంలో ఎక్కువై, నాలుగో నెలకల్లా చాలామందిలో తగ్గిపోతాయి. లేవగానే రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో తిని కాసేపాగి మంచం దిగండి. మూడు పూటల భోజనాన్ని ఆరుసార్లుగా విడగొట్టండి. పోపు వాసన పడకపోతే కొన్నాళ్లు వంట బాధ్యత ఇంట్లో మరొకరు తీసుకోవడం విడ్డూరమేమీ కాదు. 1961లో థాలిడోమైడ్ ఉదంతం బయటపడినప్పటి నుంచి వాంతుల మాత్రలంటేనే జంకుతున్నారు. కానీ విటమిన్ బి6తో కలిపి ఇచ్చే డాక్సిలమిన్ వంటివి దశాబ్దాలుగా సురక్షితంగా వాడుతున్నవే. మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, బరువు పడిపోతున్నా ఓర్చుకోవడం గొప్ప కాదు. ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

‘ఇద్దరి తిండి తినాలి’ అనే పెద్దల మాట తొలి మూడు నెలలకు వర్తించదు. జాతీయ పోషకాహార సంస్థ సూచించే అదనపు 350 కేలరీలు నాలుగో నెల నుంచే అవసరం. ఇప్పుడు చూడాల్సింది పరిమాణం కాదు, పోషకాలు. దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే తేల్చింది. ఆకుకూరలు, పప్పులు, బాగా ఉడికించిన గుడ్డు, మాంసం తినండి. భోజనంలో నిమ్మరసం ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం చేస్తూనే టీ తాగితే అది తగ్గుతుంది. పచ్చి బొప్పాయి వద్దు గానీ, బాగా పండిన పండుతో ప్రమాదం లేదు.

మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనడం మానండి. అలాగని థైరాయిడ్, మూర్ఛ, ఆస్తమా మందులను సొంతంగా ఆపేయకండి. అది మరింత ముప్పు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి. ఇంట్లో సిగరెట్ తాగే భర్త ఇక బయటికి నడవాలి. అసలు మానేస్తే మరీ మంచిది.

మొదటిసారి వెళ్లినప్పుడు రక్తపోటు, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, మూత్రం, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. అవసరమైతే థైరాయిడ్ కూడా. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవి ఉచితం. 11-13 వారాల మధ్య చేసే స్కానింగ్‌తో వయసు, కవలలా కాదా, కొన్ని లోపాలు తెలుస్తాయి. ఆడా మగా అని మాత్రం అడగకూడదు, చెప్పకూడదు. 1994 నాటి చట్టం దాన్ని నేరంగా పరిగణిస్తుంది.

రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం, పొత్తికడుపులో ముఖ్యంగా ఒక పక్కన తీవ్రమైన నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచి ఉండవచ్చు. ట్యూబు పగిలితే తల్లి ప్రాణానికే ముప్పు.

చివరగా, ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం. నిర్ధారణ అయిన గర్భాల్లో పదింటిలో ఒకటైనా తొలి నెలల్లో నిలవదు. వాటిలో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. మెట్లెక్కినందుకో, ఆఫీసుకు వెళ్లినందుకో, ఎవరి కన్నో పడినందుకో కాదు. అయినా మొదట నిందపడేది ఆమె మీదే. అందుకే ఈ కబురు ఊరందరికీ చెప్పకపోయినా కొందరికి చెప్పి తీరాలి. డాక్టర్‌కో ఆశా కార్యకర్తకో, భర్తకు, కష్టమొస్తే పక్కన కూర్చునే అమ్మకో అక్కకో.