వాయిదా తప్పిన సరకు

ఉగాదికి నెల ముందు రావలసిన కాగితము పండుగ మరునాడు ముద్రాలయపు వాకిట దిగినచో, పంచాంగములు అచ్చువేయు చిన్న యజమాని దానినేమి చేసికొనవలెను? కాగితము మంచిదే, తూకము సరిపోయినది, ధర పెరుగలేదు. కొనువారు మాత్రము అంతకుముందే వేరొకచోట కొనివేసిరి. శుభలేఖల సంగతియు నింతే. ముహూర్తము దాటిన శుభలేఖను ఉచితముగా నిచ్చినను పుచ్చుకొనువారు లేరు.

మన పట్టణములలోని చిన్న వర్తకులు ఈ బాధను ఏటేట పడుచునే యున్నారు. అయినను వారిలో పలువురు సరకు పంపుమనుట ఫోనుమీద, వాయిదా అడుగుట ఫోనుమీద, తుదకు కోపించుటయు ఫోనుమీదనే. ‘ఈ వారములో పంపెదము’ అన్న మాటకు తేదీయు లేదు, సాక్ష్యమును లేదు. లారీ చెడినదని యొకనాడు, మిల్లునుండియే రాలేదని యొకనాడు సమాధానము వచ్చును. రెండును నిజమే కావచ్చును. కాని పనివారి కూలియు, బ్యాంకు కంతులును ఆ సమాధానము విని ఆగవు గదా!

చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టములోని 55వ సెక్షనును చూడుడు. గడువే ప్రధానమని ఉభయులును తలచిన బేరమున గడువు తప్పినచో, కొనువాడు బేరమును రద్దు చేసికొనవచ్చును. గడువు ప్రధానము కానిచోట రద్దు లేదు గాని, కలిగిన నష్టమునకు పరిహారము కోరవచ్చును. మనవారు గమనింపనిది తరువాతి మాట. రద్దు చేయదగిన బేరములో ఆలస్యపు సరకును అంగీకరించినవాడు, పరిహారము కోరెదనని అప్పుడే తెలుపకున్నచో, పిమ్మట కోరజాలడు. లారీవాడు చాచిన రసీదుపై మారుమాటాడక సంతకముచేసి, నెల గడచిన పిదప తగవునకు దిగుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

నష్టమెంత ముట్టునన్నది 73వ సెక్షను మాట. అందలి యుదాహరణ మొకటి మిక్కిలి ఉపయుక్తమైనది. యంత్రము లేక మిల్లు ఆగియున్నదని ముందే చెప్పి, ఆ యంత్రమును రవాణాదారున కొప్పగించినవానికి, ఆలస్యమైన దినములలో మిల్లు నడచిన వచ్చెడి సగటు లాభము ముట్టును. ఆ జాగువలన పోయిన ప్రభుత్వపు కంట్రాక్టు లాభము ముట్టదు. దానిని గూర్చి రవాణాదారున కెరుకపరచినట్లు అందులో లేదు. కావున ‘ఏబది రీములు పంపుడు’ అని యూరకుండక, ‘ఉగాది పంచాంగములకై, ఫలానా తేదీలోపల, దాటినచో మాకక్కరలేదు’ అని వ్రాయవలెను. ఫోనులో పంపు రెండు పంక్తుల సందేశమైనను మేలే.

ఏబది రీములకై న్యాయస్థానమెక్కుమని మేము చెప్పుటలేదు. వకీలు ఖర్చులకే ఆ సొమ్ము చాలదు. వ్రాత చేతనున్నవాడు తరువాతి బిల్లులో తగ్గింపు నడుగగలడు. బయానా తిరిగి కోరగలడు. అంతియే మా యుద్దేశము.

అసలు చిక్కు వేరొకటి యున్నది. మూడు బిల్లుల పాతబాకీ నిలిపినవాడు గడువును గూర్చి గట్టిగా మాటాడుటెట్లు? నగదిచ్చువానికి ముందు సరకు పంపిన వర్తకుని మేము తప్పు పట్టజాలము. సరకు తయారుచేయు చిన్న పరిశ్రమలవారికి రావలసిన సొమ్మును 45 దినములకు మించి నిలుపరాదని 2006లో చట్టమే పుట్టినది. శుభలేఖలు గురువారమిచ్చెదమని శనివారమిచ్చు ముద్రాపకులును మన మెరుగనివారు కారు!

బాకీ తీర్చుకొని, ముఖ్యమైన సరకునకు ఇరువురు వర్తకులను ఉంచుకొని, బయానా సగమునకు మించనీయకున్న బాధ కొంత తగ్గును. పట్టణ వర్తక సంఘములు సరకు, తేదీ, ప్రయోజనము, గడువు తప్పిన తగ్గింపు అను నాలుగు గడులతో తెలుగున ఒక పత్రమును అచ్చువేసి పంచిపెట్టవలెను. అచ్చువేయువారు ఆ సంఘములలోనే యున్నారు. కాగితము సకాలమున వచ్చుటయే తరువాయి.