మందు తాగిన పంది, మునిగిన ఊరు

ఈమధ్య మన కవిత్వంలో సముద్రం బాగా పగబట్టి ఉంటోంది. తుఫాను తీరం దాటిన రెండోరోజుకల్లా కవితలు దిగిపోతాయి. నది తన దారి తాను వెతుక్కుంటుంది, చెరువు తన జాగా తాను అడుగుతుంది, ప్రకృతి పాత బాకీ వసూలు చేసుకుంటుంది. కింద మనం లవ్ సింబల్స్ పెడతాం. నేనూ తక్కువేం తినలేదు. 2018లో కేరళ వరదలప్పుడు సరిగ్గా ఇలాంటి కవితనే మెచ్చుకుంటూ నాలుగు పేరాలు రాశాను. 'మనిషి అహంకారం మీద నీళ్లు రాసిన తీర్పు' అన్నాను అందులో. ఆ ముక్క నాకు చాలా నచ్చింది కూడా. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కారణం ఒక పంది.

ఉద్యోగం పేరుతో రెండేళ్లుగా హాంబర్గ్‌లో ఉంటున్నాను. కిందటి సెప్టెంబర్‌లో ఒక శనివారం రైల్లో హుసుమ్ దాకా, అక్కణ్నించి బస్సులో నార్డ్‌స్ట్రాండ్ వెళ్లాను. జర్మనీకి ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దుకి దగ్గర్లో, నార్త్ ఫ్రీసియా అనే తీరప్రాంతంలో ఉందది. ద్వీపమనుకుని వెళ్లాను. ఒకప్పుడు ద్వీపమేనట. 1930ల్లో ఒడ్డు నుంచి దానికి పోటుకి మునగని రోడ్డుకట్ట వేశారు. 1987లో ఉత్తరం వైపున్న అఖాతాన్ని కూడా కరకట్టతో మూసేసి బెల్ట్రింగ్‌హార్డర్ కోగ్ అని పేరు పెట్టారు. దాంతో పూర్తిగా ఒడ్డుకి అతుక్కుపోయింది. కోగ్ అంటే చుట్టూ కట్ట వేసి సముద్రం దగ్గర్నుంచి లాక్కున్న నేల. బస్సు ఎప్పుడు సముద్రం దాటిందో కూడా నాకు తెలీలేదు. అటూ ఇటూ పొలాలు, గాలిమరలు, గొర్రెలు. అంతే.

ఆ గొర్రెల గురించి ఒక మాట. అవి కట్టల మీద మేస్తుంటాయి. గడ్డిని కురచగా ఉంచుతాయి, డెక్కలతో మట్టిని గట్టిపరుస్తాయి. రోడ్డురోలర్ చేసే పనిని మెత్తగా, ఏళ్ల తరబడి చేస్తాయన్నమాట. కట్ట ఎక్కి నిలబడితే ఒక పక్క సముద్రం, రెండో పక్క ఇళ్లు. పోటు మీద ఉన్నప్పుడు చూస్తే నీళ్లకీ ఇళ్లకీ మధ్య ఉన్నది ఈ గడ్డి దిబ్బ ఒక్కటే. కృష్ణా కరకట్ట మీద సైకిల్ తొక్కిన ఎవరికైనా ఆ దృశ్యం కొత్తేమీ కాదు.

ఆటుకి నీళ్లు వెనక్కిపోయాక గైడ్ వెంట ఒక పాతికమందిమి బురదలోకి దిగాం. చెప్పుల్లేకుండా, పిక్కలదాకా నల్లటి బురద. దూరంగా జూడ్‌ఫాల్ అనే చిన్న ద్వీపం చూపించి, ఆ దాపునే రుంగ్‌హోల్ట్ ఉండేది అన్నాడు గైడ్. 1362 జనవరిలో ఒక్క ఉప్పెనలో పోయిన ఊరు. తర్వాత కథ చెప్పాడు. రుంగ్‌హోల్ట్ రైతులు బాగా డబ్బు చేసి కన్నుమిన్ను కానని స్థితిలో ఉన్నారట. ఒకరోజు తాగి, ఒక పందికి కూడా తాగించి, దాన్ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి, 'రోగి చావుబతుకుల్లో ఉన్నాడు, చివరి ప్రార్థన చెయ్యాలి' అని పాదిరీని పిలిపించారు. ఆయన ఒప్పుకోకపోతే అవమానించి, ఆయన పవిత్రపాత్రలో బీరు పోశారు. ఆయన చర్చికి పోయి దేవుడికి మొర పెట్టుకున్నాడు. కలలో హెచ్చరిక వస్తే ఊరొదిలి వెళ్లిపోయాడు. ఆ వెనకే సముద్రం వచ్చింది.

అందరం నవ్వాం. పంది పడుకున్న తీరుని గైడ్ అభినయించి మరీ చూపించాడు. నా ముందున్న ఒక ఏడెనిమిదేళ్ల పాప వాళ్ల నాన్నని అడిగింది, 'పిల్లలు కూడా తాగారా?' అని. వాళ్ల నాన్న 'కథమ్మా' అన్నాడు. మళ్లీ అందరం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా ఆపేశాను.

ఈ పంది కథని రాసిపెట్టిన వాళ్లలో ముఖ్యుడు అంటోన్ హైమ్‌రైష్ అనే పాదిరీ. 17వ శతాబ్దంలో నార్త్ ఫ్రీసియా చరిత్ర రాశాడు. ఆయన పుట్టింది ఇక్కడే, అప్పటికి ఇంకా ముక్కలు కాని స్ట్రాండ్ అనే పెద్ద ద్వీపంలో, 1626లో. ఎనిమిదేళ్ల వయసులో 1634 ఉప్పెన ఆ ద్వీపాన్ని చీల్చేసింది. అక్టోబర్ 11 రాత్రి కట్టలు నలభైకి పైగా చోట్ల తెగాయి. ద్వీపంలో మూడింట రెండొంతుల జనం, ఆరువేలమందికి పైనే, తెల్లారేసరికి లేరు. మిగిలిన ముక్కల్లో ఒకటి నార్డ్‌స్ట్రాండ్, ఇంకొకటి పెల్‌వోర్మ్. అలాంటి రాత్రిని దాటిన పిల్లవాడు పెద్దయ్యాక పంది కథ రాశాడంటే అర్థం చేసుకోగలను. శిక్ష అనుకుంటే కనీసం ఒక కారణం ఉన్నట్టుంటుంది. ఊరికే పోయారనుకోవడం కష్టం. నాకు కోపం హైమ్‌రైష్ మీద కాదు. ఒడ్డున పొడిగా నిలబడి అదే కథని వాడుకున్నవాళ్ల మీద.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో డెట్లెఫ్ ఫాన్ లిలియెన్‌క్రోన్ అనే కవి పెల్‌వోర్మ్‌లో సర్కారు అధికారిగా పనిచేస్తూ రుంగ్‌హోల్ట్ మీద ఒక కవిత రాశాడు. సముద్రాన్ని సవాలు చేసిన గర్విష్ఠి నగరం, ఊపిరి తీసి లేచిన నీటి రాక్షసి. బిగువైన కవితే, కాదనను. పేచీ అక్కడే ఉంది. బాగుంటుంది కాబట్టే కవిత మిగిలింది, ఊరు ఎలా మునిగిందన్న సంగతి మరుగునపడింది.

ఎలా మునిగిందో ఇప్పుడు చాలావరకు తెలుసు. అక్కడి నేల కింద పీట్ ఉంటుంది. చిత్తడినేలల్లో మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయి తయారైన నల్లటి పొర అది. సముద్రపు నీళ్లు ఇంకిన పీట్‌ని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిద నుంచి ఉప్పు తీసేవాళ్లు. చేపలు, మాంసం నిలవుంచడానికి ఉప్పు కావాలి, మంచి గిరాకీ. తవ్వినకొద్దీ నేల కిందికి దిగింది. వ్యవసాయం కోసం నీళ్లు తోడేసిన చోట నేల తనంతట తానే కుంగింది. ఉప్పెనకి పదేళ్లు పైచిలుకు ముందు ప్లేగు వచ్చి యూరప్‌ని ఊడ్చేసింది. కట్టలు చూసుకునే చేతులు తగ్గాయంటారు చరిత్రకారులు. 1921లో ఆండ్రియాస్ బుష్ అనే నార్డ్‌స్ట్రాండ్ రైతు బురదలో తిరిగి తిరిగి పాత తూముల, దిబ్బల జాడలు కనిపెట్టాడు. 2023లో కీల్, మైంజ్ యూనివర్సిటీల పరిశోధకులూ పురావస్తువాళ్లూ కలిసి బురద కిందికి అయస్కాంత పరికరాలు పట్టి చూసి, రెండు కిలోమీటర్ల పొడవున వరసగా ఇంటిదిబ్బలు, వాటి మధ్య నలభై మీటర్లకి పదిహేను మీటర్ల చర్చి పునాది ఉన్నాయని ప్రకటించారు. గర్విష్ఠి నగరం ఏమీ లేదు. దిబ్బల మీద ఇళ్లు, ఒక చర్చి, పొలాలు.

ఇక్కడ ఒకరు లేచి అంటారని తెలుసు: 'మరి నేల తవ్వింది మనుషులేగా? కవి చెప్పిందీ అదేగా?' కాదు. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ మా ఆఫీసులో పోస్ట్‌మార్టమ్ అని ఒక డాక్యుమెంట్ రాస్తాం. ఏది ఎప్పుడు తెగింది, ఎందుకు ఎవరూ చూడలేదు, అలారం ఎవరికి వెళ్లాలి, ఎవరికి వెళ్లింది. అందులో కారణం అన్నచోట 'టీమ్ అహంకారం' అని రాస్తే మేనేజర్ నవ్వి వెనక్కి పంపిస్తాడు. వేలమంది చచ్చిపోయిన సంగతికి మాత్రం ఆ జవాబు మనకి సరిపోతోంది. పైగా అది లోతైన జవాబని అనుకుంటాం.

1634కి పోస్ట్‌మార్టమ్ రాస్తే ఏమొస్తుందో చూడండి. అంతకు ముప్పై ఏళ్ల కిందట ప్లేగు. తర్వాత వరసగా చిన్నా పెద్దా ఉప్పెనలు. 1628, 29ల్లో యుద్ధం: తమ ఇళ్లల్లో సైనికుల్ని పెట్టడానికి ఒప్పుకోమని స్ట్రాండ్ రైతులు డ్యూక్ మీద తిరగబడ్డారు, చివరికి ఓడిపోయారు. అప్పటికే చితికిపోయిన ఊళ్లు, చూసేవాళ్లు లేని కట్టలు. ఆ మీద అక్టోబర్ తుఫాను.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది, అది ఏ కవితలోనూ లేదు. ఈ తీరంలో పాతకాలపు చట్టం ఒకటుండేది. తన వాటా కట్టని నిలబెట్టలేని రైతు పారని కట్టలో గుచ్చి వెళ్లిపోవాలి. ఆ పార ఎవరు పీకితే పొలం వాళ్లది, కట్ట బాధ్యతా వాళ్లది. కట్ట వెయ్యనివాడు ఊరొదలాల్సిందే అని సామెత కూడా ఉంది. భార్యాబిడ్డల్నీ గొడ్డూగోదనీ పోగొట్టుకుని మిగిలిన నార్డ్‌స్ట్రాండ్ రైతులు కట్టలు మళ్లీ వేసుకోలేకపోయారు. దాదాపు ఇరవయ్యేళ్లు ఆ పొలాల మీదుగా పోటు వచ్చి పోయింది. 1652లో డ్యూక్ మూడో ఫ్రెడరిక్ ఆ నేలని నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పెట్టుబడిదారులకి రాసిచ్చేశాడు. వాళ్లకి భూమి, ప్రత్యేక హక్కులు, తమ క్యాథలిక్ మతం తాము పాటించుకునే స్వేచ్ఛ. 1654కి మొదటి కోగ్ పూర్తయింది. పాత రైతుల హక్కులు చెల్లవు పొమ్మన్నారు. ఉండాలంటే ఒకప్పటి సొంత నేల మీద కూలికి ఉండాలి.

'ప్రకృతి ప్రతీకారం' అన్న మాట మింగేసేది సరిగ్గా దీన్ని. సముద్రమే శిక్షించిందంటే డ్యూక్ కనపడడు. కట్ట ఎందుకు బలహీనంగా ఉందో, తెగాక భూమి ఎవరి పేరు మీదకి మారిందో ఎవరూ అడగరు. దీనికి తిరగేసిన కథ, మనిషి సముద్రాన్ని జయించాడన్నది, ఇంకా ప్రమాదం. 1935లో ఇక్కడికి దగ్గర్లోనే కొత్తగా కట్టిన రెండు కోగ్‌లకి హిట్లర్ పేరు ఒకదానికి, గోరింగ్ పేరు ఒకదానికి పెట్టుకున్నారు. యుద్ధం అయ్యాక మార్చారు. ఆ రెండు కథల్లోనూ కట్ట మీద తట్ట మోసినవాడు ఉండడు.

కొంచెం ఊపిరి పీల్చుకుందాం. నార్డ్‌స్ట్రాండ్‌లో ప్రతి కాఫీ హోటల్లోనూ 'ఫారిసేయర్' అని ఒకటి దొరుకుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ మందంటే పడని పాదిరీ ఒకాయన ఉండేవాడట. ఒక బారసాల విందులో ఆయన కంటబడకుండా కాఫీలో రమ్ము కలిపి, వాసన రాకుండా పైన మీగడ వేసి తాగారు. పొరపాటున అలాంటి కప్పు ఆయన చేతికే వచ్చింది. 'ఓరి పరిసయ్యులారా!' అన్నాడట. అదే పేరైపోయింది. నేనూ ఒకటి తాగాను, బావుంది. అదే తాగుడు, అదే పాదిరీ, అదే మోసం. ఒకసారి ఊరు మునిగింది, ఇంకోసారి మెనూలో కెక్కింది. పాపానికీ నీళ్లకీ ఉన్న సంబంధం ఎంతో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇంతకీ ఆ పాప ప్రశ్నకి నేనెందుకు నవ్వు ఆపానో చెప్పాలి.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో ఆమె రెండేళ్ల కొడుకు పోయాడు. బతికుంటే నాకు మేనమామ. అంతకు కొద్దిరోజుల ముందే నాగుల చవితి. పిల్లాడికి జ్వరమని ఆ ఏడు ఆమె పుట్టలో పాలు పొయ్యడానికి వెళ్లలేదు. అందుకే పోయాడని ఎవరో అన్నారట, ఏ ఊళ్లోనైనా ఎవరో ఒకరు అంటారు. ఆమె నమ్మింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూశాను, నాగుల చవితి నాడు తెల్లారకముందే లేచి, ఒళ్లు నెప్పులున్నా, వానైనా, నడిచి పుట్ట దగ్గరికి వెళ్లేది. వచ్చాక ఎవరితోనూ మాట్లాడేది కాదు. ముప్పై ఏడేళ్లు అలాగే చేసింది. చిన్నప్పుడు నాకది భక్తిలా కనిపించేది.

పుట్టలో పాలకీ పందికీ నా నాలుగు పేరాలకీ తేడా ఏమిటని ఆ బురదలో నిలబడి ఆలోచించాను. నేను వాడింది పాపం అన్న మాట కాదు, అహంకారం. దేవుడు అనలేదు, ప్రకృతి అన్నాను. అంతవరకే. ఆమె తన బిడ్డ గురించి తన మీదే వేసుకుంది. నేను ముక్కూమొహం తెలియని వందలమంది మీద వేసి, పైగా లైకులు తీసుకున్నాను.

ఆ రాత్రి హుసుమ్ స్టేషన్లో రైలు లేటు. అమ్మకి ఫోన్ చేశాను. ఉప్పెన నాటికి అమ్మకి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగాను: తుఫాను వస్తోందని మీకెవరూ చెప్పలేదా అని. రేడియోలో చెప్పే ఉంటారు, అంది. మరి? రేడియో ఉన్నది పెద్ద రైతుగారి డాబాలో రా, అంది. మాది పాక. ఆ డాబా ఏమైంది అనడిగితే, అదెందుకు పోతుంది, దాని మీదకెక్కే కదా నేను బతికాను అంది. అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాను. స్టేషన్లో ఏదన్నా తిను, అంది.