టైర్-3 కప్పు

"ఒలింపియాకోసా? అదేమన్నా ట్యాబ్లెట్ పేరా?" అన్నాడు మా రూమ్మేట్. గ్రీస్ ఫుట్‌బాల్ క్లబ్ రా, పిరయస్ అనే ఓడరేవు ఊరిది, 1925లో పెట్టారు, 2024లో కాన్ఫరెన్స్ లీగ్ కొట్టారు అని చెప్పా. వాడు ఫోన్‌లో వెతికి, "ఓస్, యూరప్‌లో మూడో లెవెల్ కప్పేగా, టైర్-3" అన్నాడు.

ఈ మాట అన్నది ఏ కాలేజీలో కూర్చునో చూడండి. మనల్ని ఏ టైర్‌లో పెడుతున్నారో తెలిసి కూడా! అందుకే ఇది రాస్తున్నా. (ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క సరిచేస్తుంది, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం.)

వాడు చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. గ్రీస్‌లో ఒలింపియాకోస్ పులి. అందరికంటే ఎక్కువ లీగ్ టైటిల్స్ వాళ్ళవే, పాపం పేదవాళ్ళు అనడానికి లేదు. బయటికెళ్తే మాత్రం పిల్లి. ఛాంపియన్స్ లీగ్‌లో పరాయి గ్రౌండ్‌లో మొదటి గెలుపు రావడానికి 2007 దాకా, ముప్పైకి పైగా మ్యాచ్‌లు పట్టింది. 2004 డిసెంబర్లో ఆన్‌ఫీల్డ్‌లో జరిగింది ఇంకా ఘోరం. రివాల్డో ఫ్రీకిక్‌తో ముందుకెళ్ళారు. ఒక్క గోల్ తేడాతో ఓడినా పై రౌండ్‌కి వెళ్ళేవాళ్ళే. సెకండాఫ్‌లో లివర్‌పూల్ మూడు కొట్టింది, మూడోది 86వ నిమిషంలో జెరార్డ్‌ది. అదే లివర్‌పూల్ ఆ సీజన్ కప్పు ఎత్తింది. జెరార్డ్ గోల్ వీడియో మనలో చాలామంది చూసే ఉంటారు. అది తిన్న టీమ్ ఏదో ఎంతమందికి గుర్తుంది?

కానీ "మూడో లెవెల్" అంటే ఒప్పుకోను. సెమీస్‌లో వీళ్ళ మీద ఆడింది ఆస్టన్ విల్లా. ఆ ఏడాది ప్రీమియర్ లీగ్‌లో నాలుగో స్థానం వాళ్ళది. వాళ్ళ ఊరెళ్ళి 4-2, ఇంట్లో 2-0. ఆరు గోల్స్‌లో అయిదు ఒక్క అయూబ్ ఎల్ కాబీవే. మరి ప్రీమియర్ లీగ్ నాలుగో టీమ్‌ది ఏ టైర్ రా బాబూ?

అంతకుముందు మక్కాబీ టెల్ అవివ్ మీద ఇంట్లోనే 1-4 ఓడి, రెండో మ్యాచ్‌లో ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళి 6-1 కొట్టారు. అప్పటికి కోచ్ మెండిలిబార్ వచ్చి నెల రోజులు. ఆ సీజన్‌లో మూడో కోచ్ ఆయన! మనకి సెమిస్టర్ మధ్యలో ఒక్క సార్ మారితేనే ఇంటర్నల్స్ గోవిందా.

గ్రీస్ క్లబ్ ఒకటి యూరప్ ఫైనల్ ఆడటం అంతకుముందు ఒకే ఒక్కసారి, 1971లో. పనతినైకోస్ వెంబ్లీలో అయాక్స్ చేతిలో 2-0తో ఓడింది. మళ్ళీ ఫైనల్ రావడానికి 53 ఏళ్ళు. అన్నేళ్ళు ఆకలితో ఉన్నవాడికి "అది మూడో బంతి భోజనం" అని చెప్తే వింటాడా?

2024 మే 29. ఎంసెట్ రాసి రిజల్ట్ కోసం చూస్తున్న రోజులు. ఏథెన్స్‌లో, అదీ శత్రువు ఏఈకే గ్రౌండ్‌లో, ఫియోరెంటినాతో ఫైనల్. మనకి తెల్లవారుజాము మూడు కావస్తోంది. 116వ నిమిషంలో ఎల్ కాబీ హెడర్. రెఫరీలు వీడియోలో చూస్తున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు. గోల్ ఇచ్చేసరికి అరిచేశా. నాన్న లేచొచ్చి "రిజల్ట్ వచ్చిందా?" అని అడిగారు. 

వచ్చింది నాన్నా అన్నాను.