'ప్రెజెంట్లీ' అనగా ఎప్పుడు?

మన కార్యాలయపు దస్త్రాలలో 'ప్రెజెంట్లీ' అనే ఆంగ్ల పదం దొర్లని దినం ఉండదు. 'విషయం ప్రెజెంట్లీ పరిశీలనలో ఉన్నది' అని వ్రాస్తాము. 'ప్రస్తుతం' అని మన భావం. కాని బ్రిటిష్ వారి వాడుకలో ఆ పదానికి చిరకాలంగా స్థిరపడిన అర్థం 'మరి కొంతసేపటిలో' అని.

ఈ భేదం మాకు చాలా ఏండ్ల క్రితం కొంత ఖరీదుగానే బోధపడినది. ఒక యంత్రం మరమ్మతుకు విదేశీ నిపుణుడు రావలసి ఉండగా, 'ఇంజనీర్ ప్రెజెంట్లీ ఇన్ డెల్హీ' అని టెలెక్స్ అందినది. టెలెక్స్‌లో క్రియాపదాలను పొదుపు చేయుట ఆనాటి ఆచారం. ఆయన నగరంలోనే ఉన్నారని తలచి యంత్రాన్ని ఆపించాము, పైమూత విప్పించాము, అద్దె క్రేనును ఫరీదాబాదుకు రప్పించి నిలబెట్టాము. ఆయన మూడవనాడు పాలం విమానాశ్రయంలో దిగారు! ఊరక నిలిచిన క్రేను అద్దెకు ఆడిట్ వారికి సంజాయిషీ వ్రాయుటకు మాకు అంతకంటె ఎక్కువ దినములు పట్టినవి.

తరువాత నిఘంటువులు తిరగవేశాము. షేక్‌స్పియర్ కాలంలో 'ప్రెజెంట్లీ' అనగా సాధారణంగా 'తక్షణమే'. 'తక్షణమే' అన్నవారు ఆలస్యం చేయగా చేయగా పదమే సడలి 'త్వరలో'గా మిగిలినది. 'సూన్' కథయు ఇదే. ప్రాచీన ఆంగ్లంలో దాని పూర్వరూపమునకు 'వెంటనే' అని అర్థం. 'ప్రస్తుతం' అన్న అర్థమూ పాతదే. స్కాట్లండులోను, అమెరికాలోను అది నిలిచియున్నది. కనుక మన దస్త్రాల వాడుకను తప్పనుటకు మాకు మనసొప్పదు.

ఈ జాప్యం ఆంగ్లేయుల సొత్తు మాత్రం కాదు. ఢిల్లీలో టీ తెచ్చే కుర్రవాడు గల్లీ చివర నుండియే 'అభీ ఆయా' అంటాడు. మాటను బట్టి చూస్తే వచ్చివేసినట్లే! మన ఇండ్లలో 'ఇదిగో, వచ్చేశాను' అనుటయు అటువంటిదే.

ఇంటిలో ఇది చెల్లును. విద్యుత్ గ్రిడ్‌లో దినమును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి ఉత్పత్తిని నిర్ణయిస్తారు. అక్కడ 'ప్రెజెంట్లీ'కి తావు లేదు. మేమును ఆనాటి నుండి అటువంటి సందేశం అందినప్పుడల్లా తేదీ, గంట అడుగుచున్నాము. లండను గంటయో, వేసవిలో నాలుగున్నర, శీతకాలంలో అయిదున్నర గంటలు ముందున్న మన గంటయో కూడ అడుగుచున్నాము.