పాత ఊరంటే ఎవరి ఊరు?

కోట ఉంటే చరిత్ర. గోపురం ఉంటే చరిత్ర. జమీందారు దివాణం గోడ ఒకటి కూలకుండా మిగిలితే అదీ చరిత్రే. మరి పల్లె ఉంటే? పల్లె ఉంటే ఆక్రమణ!

పాత ఊళ్ల రూపు చెడగొట్టొద్దు, పాత కట్టడాల చుట్టుపక్కల తీరు మార్చొద్దు అని ఈమధ్య సదస్సుల్లోనూ పేపర్లలోనూ పెద్దలు తెగ బాధపడిపోతున్నారు. మంచిదే. పాతది కాపాడాలనే మేమూ అంటున్నాం. కాకపోతే అడగాల్సింది అడిగి మరీ అంటున్నాం. ఏది పాత? ఎవరి పాత?

చెవిటికల్లు నుంచి అడుగుతున్నాం. కృష్ణ అవతలి ఒడ్డున అమరావతి. 2015లో కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద పన్నెండు ఊళ్లను వారసత్వ పట్టణాలని ఎంచి డబ్బిచ్చింది. అందులో మన తెలుగువాళ్లవి రెండు, అమరావతీ ఓరుగల్లూ. ఆ అమరావతి పట్నం కట్టించింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. మన జగ్గయ్యపేటకు తండ్రి పేరు పెట్టిందీ ఆయనే. పట్నం కట్టటానికి రాయి ఎక్కడిది? బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వి తీసిన రాయి. 1797లో కంపెనీ ఉద్యోగి మెకంజీ వచ్చి చూసేనాటికే తవ్వకం జరుగుతోంది. ఇరవై ఏళ్లకు మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గుంట. చెక్కిన బుద్ధుడి రాళ్లు శివగంగ కోనేటి మెట్లయినాయి, గుళ్లలో రాళ్లయినాయి. మిగిలినవాటిలో చాలా రాళ్లు తర్వాత సున్నపు బట్టీల్లో కాలిపోయినాయి. 1845లో ఎలియట్ దొర తవ్వించినవి మద్రాసుకు పోయి, అక్కణ్ణుంచి లండన్ చేరినాయి. రాజుకు బుద్ధుడెవరో తెలియదు కాబోలు, పోనీండి. కాని పగలగొట్టిన చెయ్యి చరిత్ర అయింది, చెక్కిన చెయ్యి ఏమయింది?

చెక్కించినవాళ్లలో ఒకాయన పేరు చెబుతాం వినండి. విధికుడు. అమరావతి రాతి మీద ప్రాకృతంలో స్పష్టంగా రాసి ఉంది: చర్మకారుడు విధికుడు, ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానం చేశాడు. తోలుపని చేసే ఇంట్లో ఉపాధ్యాయుడు! మేమేమో మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి పంతుళ్లమని విర్రవీగుతున్నాం. ఆ నాగయ్య మాస్టారు మాకంటే పదిహేను వందల ఏళ్లకు పైగా ముందున్నాడు. మధ్యలో మన పలక ఎవరు లాక్కున్నారు?

ఇంకో సంగతి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్ర పెట్టుకుంది. దాని నడిబొడ్డున ఉన్నది ఆ పూర్ణఘటమే. ప్రతి జీవో మీదా అదే. రేపు మన గుడిసె పీకమని నోటీసు వస్తే దాని మీదా విధికుడి కుండే ఉంటుంది!

జగ్గయ్యపేట ధనంబోడు కథా అంతే. పేరులోనే ధనం. ఇళ్లకు రాళ్ల కోసం జనం ఆ దిబ్బ తవ్వుకున్నారు. 1882లో బర్జెస్ దొర చూసేనాటికి అడుగు వరస పలకలే మిగిలాయి. పేరుపడ్డ చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడి స్తంభాల మీద ఏం రాసి ఉందంటే, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే పనివాడు అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టాడని. రాజు కాదు, పనివాడు! మా బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి ఈ మాట చెబితే పల్లె పిల్లొకతె, "అయితే ఇది మనోళ్లదా సార్?" అంది. పక్కనున్న కమ్మవారి పిల్లాడు నవ్వాడు. ఆ నవ్వుకు జవాబుగానే ఇది రాస్తున్నాం.

ఇక చట్టం సంగతి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. కేంద్రం కాపాడే కట్టడానికి నూరు మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం. ఆ పైన ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి కావాలి. మరమ్మతుకు మాత్రం అడిగి చేసుకోవచ్చు. చట్టం వద్దని మేం అనం. అది లేకపోతే మిగిలిన నాలుగు రాళ్లూ ఉండవు. కాని దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి. తాతల నాడే మిద్దె కట్టుకున్నవాడు మరమ్మతు చేసుకుని హాయిగా ఉంటాడు. తాటాకు పాక పీకి స్లాబు వేసుకుందామనుకున్నవాడు ఆగిపోతాడు. పాకకు మరమ్మతేంటి, మళ్లీ తాటాకే!

ఒక్క మనదేశమే కాదు. లండన్‌లో 1921-22 నాడు బాబాసాహెబ్ ఉండి చదువుకున్న ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. దాన్ని మ్యూజియం చేస్తామంటే అక్కడి కౌన్సిలు ఒప్పుకోలేదు, అది కాపురాలుండే ఇల్లంది. ఇరుగుపొరుగు కొందరు సందడి పెరుగుతుందన్నారు. అప్పీలుకు పోతే 2020లో గాని అనుమతి రాలేదు. వీధి తీరు మారుతుందనే మాట అక్కడా ఇక్కడా ఒక్కటే.

అసలు ఊరి రూపంటే ఏంటి? నడిబొడ్డున రామాలయం, చుట్టూ పెంకుటిళ్లు, ఊరిబయట పల్లంలో మాలపల్లె, దానికవతల మాదిగగూడెం. ఇదీ పాత రూపు. దీన్ని చెక్కుచెదరకుండా కాపాడాలా? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరు గొప్పదనే పాటను ఉతికి ఆరేసింది ఇందుకే. ఆ పటం చెరిగిపోవాల్సిందే. దానికోసం ఒక్క కన్నీటి చుక్క కూడా కార్చం.

పటం చెరపాలి గాని సాక్ష్యం చెరపకూడదు. ఇక్కడ మన కుర్రాళ్లతో మాకు పేచీ ఉంది. నీళ్లు తోడని పాత మాలబావి కనిపిస్తే పూడ్చి కమ్యూనిటీ హాలు కట్టేద్దామంటారు. సిగ్గుగా ఉందంటారు. సిగ్గు మనకెందుకయ్యా? బావి విడిగా తవ్వించినవాడికి ఉండాలి సిగ్గు. ఒక్క బావినైనా ఉంచి, ఎందుకు విడిగా తవ్వారో రాయి మీద రాయించండి. రేపు "మా ఊళ్లో అంటరానితనం ఎప్పుడూ లేదు" అనేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ గట్టు దగ్గరికి తీసుకుపోవచ్చు.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. చుండూరు దళితులు తమవాళ్లను తమ మధ్యనే పాతిపెట్టుకుని ఆ జాగాకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 2007లో పడ్డ శిక్షలు 2014లో హైకోర్టులో ఎగిరిపోయాయి. రక్తక్షేత్రం మాత్రం అక్కడే ఉంది. మన కంచికచర్లలో 1968లో దొంగతనం మోపి కోటేశును కట్టేసి తగలబెట్టారు. ఆ రోడ్డు మీద రోజూ బస్సెక్కే మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? విజయవాడలో 2024 జనవరిలో నూట పాతిక అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టారు, సంతోషం. దాని దగ్గర ఫొటో దిగి వచ్చినవాళ్లు కోటేశు చోటుకు కూడా ఒకసారి పోయి రండి.

రాజధాని మాట మొదలైన దగ్గర్నుంచి ఇటు భూముల ధరలు పెరిగిపోయాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే రాళ్లు పాతుకుంటూ వస్తోంది. మన శ్మశానం, మన బావి, మన చర్చి జాగా, చావడి అరుగు సర్వే కాగితంలో ఏ పేరుతో ఎక్కుతున్నాయో ఇప్పుడే చూసుకోవాలి. గ్రామకంఠంలో ఉందా, పోరంబోకులో ఉందా, ఎవరి పట్టాలోకైనా జారిందా? సర్వేయరు వచ్చిన రోజు కూలి మానుకునైనా సరే, ఇద్దరు పెద్దవాళ్లు, చదువుకున్న పిల్ల ఒకతె అక్కడ ఉండాలి. గ్రామసభలో తీర్మానం రాయించి నకలు తీసుకోవాలి. నకలు లేని తీర్మానం నీళ్ల మీద రాతే.

చెవిటికల్లులో మేము నోటుబుక్కు పెట్టాం. పల్లెలోని ముసలమ్మలు చెబుతుంటే పిల్లలు రాస్తున్నారు. బావి ఎవరు తవ్వారు, ఎవరు కూలికి పోయారు, ఏ చెట్టు కింద మొదటి రాత్రిబడి నడిచింది, అన్నీ. మీ పల్లెలోనూ మొదలుపెట్టి, రాసింది పత్రికకు పంపండి. పెన్సిలుతో రాసినా సరే, తప్పులున్నా సరే. ఊరి పేరు, సర్వే నంబరు మాత్రం తప్పు పోనీకండి.